ఆ మడులు దున్నొద్దు

1959 డిసెంబరు నెల. ఆళ్ళగడ్డ నుంచి నంద్యాలకు పోయే బస్సు కాలువ వంతెన దాటిందంటే చాలు, ప్రయాణికులంతా ఒకవైపుకు ఒరిగి కిటికీల్లోంచి తొంగి చూసేవారు. రోడ్డు పక్కనే సంకర జొన్న పరిశోధన కేంద్రం. సున్నం కొట్టిన రాళ్ళ వరస, దాని వెనక నిండు కంకులతో నిగనిగలాడే చేను.

“అబ్బ, ఏం కంకులప్పా! ఈ ఇత్తనం మన చేన్లో పడితే ఇంగేం గావాల!” అనుకొనేవారు రైతులు.

ఆ పచ్చదనం కాలువ నీటిదని వారెవరికీ తట్టేది కాదు. పాఠకులారా, ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఎక్కువమంది వానను నమ్ముకొన్న మెట్ట రైతులే. కేంద్రం వెలిసింది వారి పేరు చెప్పుకొనే. స్థలం ఎంచినప్పుడు మాత్రం జీపు పోయే దారి చూశారు, నీళ్ళు దొరికే చోటు చూశారు.

ఈ సంగతి అహల్యను మొదటినుంచీ ముల్లులా గుచ్చుతూ ఉండేది. ఆమె నంద్యాల వర్తకుడు మహానందయ్య కూతురు. వ్యవసాయ కళాశాలలో చదివి ఆ కేంద్రంలో సహాయ పరిశోధకురాలిగా చేరింది. పట్టుబట్టి పై అధికారి అనుమతి తెచ్చుకొని, రోడ్డుకు మూడు మైళ్ళు లోపలికి ఉన్న ఒక పల్లెలో, ఉమామహేశ్వరమ్మ అనే రైతు మెట్ట చేనులో పరీక్ష మడులు కట్టించి అదే విత్తనం వేయించింది. పక్కనే పోల్చి చూడడానికి ఊరి జొన్న కూడా వేయించింది.

ఆ ఏడు కార్తీకంలో వాన మొహం చాటేసింది. సంకర జొన్న కంకి వేయకుండానే మాడిపోయింది. ఊరి జొన్న పొట్టిగానే ఉండిపోయినా, ఇంత గింజ పట్టింది.

మరుసటి వారం కేంద్రం పనితీరు పరీక్షించడానికి సర్కారు సంఘం వస్తుందనగా, కేంద్రం అధికారి భాస్కరయ్య అహల్యను పిలిపించాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఆ కేంద్రం కోసం కాళ్ళరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగినవాడు.

“అమ్మా, మెట్ట చేనులో మడులు రేపు దున్నించెయ్. కాడెడ్లను పంపిస్తాను.”

“ఎందుకు సార్?”

“ఎందుకేంది? సంఘం మెచ్చుకొంటే నంద్యాలలో పెద్ద కేంద్రం వస్తుంది. వచ్చే ఏడు ఈ విత్తనం తాలూకా అంతా పంచుతారు. ఎండిపోయిన చేను చూపించి మన నోట మనమే మన్ను కొట్టుకుందామా?”

“తాలూకా అంతా పంచితే, మన్ను పడేది మెట్ట రైతుల నోట్లో సార్.”

భాస్కరయ్య ముఖం ఎర్రబడింది. “ఇది ఆజ్ఞ. కాదంటే నీ ఉద్యోగం సంగతి నువ్వే చూసుకో.”

“నేను దున్నించను సార్” అని అహల్య బయటికొచ్చింది. ఆడపిల్ల ఉద్యోగమేమిటని దెప్పిన బంధువులంతా గుర్తొచ్చారు. అయినా ఇంటి దారి పట్టలేదు. తిన్నగా ఉమామహేశ్వరమ్మ దగ్గరికి పోయి జరిగింది చెప్పింది.

తెల్లారి కాడెడ్లు రానే వచ్చాయి. ఉమామహేశ్వరమ్మ కొంగు నడుముకు చుట్టి చేనికి అడ్డం నిలబడింది.

“యాడికప్పా పోతాండావ్? నా చేన్లో నా మాట లేకుండా మడక దించేదెవురు?”

“ఆఫీసరు చెప్పినాడమ్మా” అన్నాడు నాగలి పట్టినవాడు.

“ఆఫీసరునే రమ్మను. ఎండిన చేను సూసి నేనేడ్సినా. ఆయప్పకు సిగ్గేంది? తిప్పు ఎడ్లను!”

ఎడ్లు తిరిగిపోయాయి.

సంఘం వచ్చింది. అధ్యక్షుడు జ్ఞానప్రకాశం వయసు మళ్ళిన శాస్త్రజ్ఞుడు. కాలువ పక్క మడులు చూసి సంతోషించి, ఒక కంకి చేతిలోకి తీసుకొని మెచ్చుకొన్నాడు. భాస్కరయ్య ముఖం వెలిగిపోయింది. అప్పుడు అహల్య ముందుకొచ్చింది.

“అయ్యా, మీరు సగమే చూశారు. ఇదే విత్తనం మెట్టలో కూడా వేశాం. అది చూడకుండా ఏమీ రాయకండి.”

“ఆ పల్లెకు దారి లేదండీ, జీపు పోదు” అన్నాడు భాస్కరయ్య గబుక్కున.

కేంద్రం ముందు బండి కట్టుకొని కాచుకొన్న ఉమామహేశ్వరమ్మ గట్టిగా అంది: “జీపు పోకుంటే బండి పోతాది, రాండి సామీ.”

జ్ఞానప్రకాశం ఒక్క క్షణం అందరి ముఖాలూ చూసి బండెక్కాడు. వెనకే భాస్కరయ్య, అహల్య కూడా ఎక్కారు.

మెట్ట చేనులో ఆయన నెర్రెలిచ్చిన రేగడి మీద వంగి ఎండు మొక్క ఒకటి పెరికి వేళ్ళు చూశాడు. పక్క మడిలో ఊరి జొన్న కంకి నలిపి గింజలు నోట్లో వేసుకొన్నాడు. తరువాత భాస్కరయ్య వైపు తిరిగాడు.

“ఇది దాచి విత్తనం పంచి ఉంటే, వచ్చే ఏడు ఈ ఊళ్ళలో పొయ్యి వెలిగేదా?”

భాస్కరయ్య ఆ ఎండు మొక్కను అందుకొని వేళ్ళు తడిమి చూశాడు.

విత్తనం పంపకం మెట్ట భూములకు ఆగిపోయింది, కాలువ కింది భూములకు సాగింది. అహల్యకు మెప్పేమీ దక్కలేదు. ఆజ్ఞ మీరినందుకు సంజాయిషీ అడిగారు. “దున్నించలేదు, ఇకముందు కూడా దున్నించను” అని ఆమె జవాబిచ్చింది.

అయినా నంద్యాలలో పెద్ద కేంద్రం కట్టే ఆలోచన ఆగలేదు. రెండు నెలల తర్వాత దాని గురించి అక్కడ సభ జరిగింది. స్టేషనుకు దగ్గరగా, నీటి వసతి ఉన్నచోట మేడ కట్టాలని పెద్దలు ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. జ్ఞానప్రకాశం అహల్యను కూడా మాట్లాడమన్నాడు. ఆమె లేచేసరికి వెనక వరసల్లో గుసగుసలు. వెనకడుగు వేయలేదు.

“మేడ ఎక్కడైనా కట్టుకోండి. పరీక్ష మడులు మాత్రం మెట్టలో పెట్టండి, వాన ఎగ్గొట్టే చోట పెట్టండి. కొత్త శాస్త్రం వస్తాంది, రానీండి. దాన్ని చూసి నేనేం భయపడను. అది ఎవరికోసమో మరిచిపోయి కేంద్రాలు కడతాండారే, దానికే నా భయం.”

“ఓడిపోయిన మడులు చూపించుకొంటే సర్కారు ఎందుకు సాయం చేస్తుందమ్మా?” అని ముందు వరసలోంచి ఎవరో నవ్వారు.

అహల్య అటు తిరిగింది. గొంతు తగ్గలేదు.

“గెలిచింది చూపించేది సంతలో యాపారం. పండింది ఎందుకు పండిందో, ఎండింది ఎందుకు ఎండిందో రెండూ చెప్పేదే పరిశోధన. జనం సొమ్ముతో నడిచే కేంద్రం జనానికి మొదట పండించాల్సింది నిజం.”