ఏడు పూతల కింద అమ్మ

మూడో పెద్ద వరద తగ్గిన తొమ్మిదో ఏడు అది. ఆ వరదకు కొట్టుకొచ్చిన దుంగతోనే సేరో ఏటి ఒడ్డువాళ్లు తమ దేవత మూయిన్ అమ్మను చెక్కుకున్నారు. నొప్పి ఎక్కడుంటే అమ్మను అక్కడ రుద్దాలి. రుద్దినంత నొప్పి అమ్మ తీసుకుంటుంది, తీసుకున్నంత మేర అరుగుతుంది. తొమ్మిదేళ్లలో ముక్కు పోయింది, మోకాళ్లు పోయాయి, రొమ్ము గుంటపడింది. పూర్తిగా అరిగిపోతే మళ్లీ వరద ఇంకో దుంగ తెస్తుంది. తాతల నాటినుంచీ అంతే.

ఆ ఏడు గుడిపెద్ద హాన్బోకు సిగ్గేసింది. ఎగువ ఊరి దేవుడు నిగనిగలాడుతుంటే, మన అమ్మ కొరికి పారేసిన కంకిలా ఉందన్నాడు. లక్కపని చేసే తోమూరిని పిలిపించాడు. తోమూరి ఏడు పూతలు వేశాడు. నలభై ఏళ్ల పనిలో అంత నునుపు ఎన్నడూ రాలేదు. చీమ ఎక్కినా జారేది. వారం రోజులు రొమ్ము విరుచుకు తిరిగాడు.

వానలు పట్టగానే అతని భార్య సాసినెకు గుండెల్లో నొప్పి మొదలైంది. రోజూ వెళ్లి అమ్మ రొమ్ము రుద్దింది. పదకొండో రోజు గుడి మెట్ల మీదే కూలబడింది. తోమూరి వీపున వేసుకుని ఇంటికి తెచ్చాడు. గంజి కూడా దిగలేదు.

"చెయ్యి ఆనట్లేదయ్యా, జారిపోతోంది" అంది. "నీ పనితనం అలాంటిది మరి." నవ్వబోయి దగ్గింది.

తోమూరి తిన్నగా గుడికి పోయాడు.

"హాన్బో! బయటికి రా!"

"ఏంట్రా ఆ అరుపు? అమ్మ ఉలిక్కిపడుద్ది."

"పడనీ! లక్క వేసినకాడి నుంచి ఎవరి నొప్పన్నా దిగిందా?"

"అరగట్లేదు చూడరా, ఎంత బాగుందో!"

"అరగనిదానికి అమ్మెందుకురా, ముంత మొహమోడా? ముంతనే పెట్టుకుని మొక్కు!"

"నామీద పడతావేం? మూడు పూతలు చాలన్నాను. ఏడు వేసిందెవడు?"

తోమూరి గిరుక్కున అమ్మ వైపు తిరిగాడు.

"నువ్వన్నా కోప్పడవేం? ఈ చేతులు విరిచెయ్యవేం?"

అమ్మ ఎప్పటిలాగే తల కాస్త వంచి, వినే మనిషిలా ఉంది. అప్పుడు చూశాడు. రొమ్ము దగ్గర లక్క పొక్కింది, సాసినె అరచేయంత. తడిచెక్క మీద వేస్తే లక్క పొక్కుతుంది. ఇది తొమ్మిదేళ్లు ఎండిన చెక్క. తట్టి చూసి మరీ వేశాడు. బయట సాసినె రుద్దుతుంటే లోపల్నుంచి అమ్మ తోస్తూనే ఉంది.

"ఏమైందిరా?" అన్నాడు హాన్బో.

తోమూరి తన చేతులు చూసుకుని పళ్లు నూరాడు.

మర్నాడు తెల్లవారుతూనే గీకుడుకత్తి పట్టుకొచ్చాడు. హాన్బో అడ్డం నిలబడితే భుజంతో నెట్టేశాడు. ఏడు పూతలూ గీకాడు, ముందు రొమ్ము. చెక్క బయటపడ్డాక ఇంటికి పోయి సాసినెను వీపున వేసుకొచ్చాడు. ఆమె చెయ్యి పట్టి అమ్మ రొమ్ము గుంటలో ఆనించాడు.