రంగు పోయిన నీళ్ళు

ల్యాబమ్మను గేటు బయటికి ఈడ్చేస్తుంటే మేమంతా చూస్తూనే ఉన్నాం. షిఫ్టు మారే వేళ. వాచ్‌మన్లు ఆమె రెక్క పట్టుకు లాగారు, చేతిలోని సీసాలు నేలకేసి కొట్టారు. మా రంగుల మిల్లు మురుగునీళ్ళను పరీక్ష చేసే మనిషి ఆమె. చేసిన నేరమల్లా ఒకటే, నీళ్ళు శుభ్రమని సంతకం పెట్టనంది.

"రంగు పోయింది, విషం పోలేదు! ఆ నీళ్ళు తాగకండి!" అని గేటవతల నుంచి అరిచింది.

నిజం చెప్పొద్దూ, మాకు కోపం వచ్చింది. ఆమె మీదే! ఎందుకంటే మురుగు శుభ్రం చేసే ఆ కరెంటు తొట్టి మా గెలుపు. కాలవ ఎర్రగా పారుతుంటే సమ్మె కట్టి, లాఠీదెబ్బలు తిని పెట్టించుకున్నాం. మురుగులో లోహపు పలకలు దించి కరెంటు పంపితే రంగు విరిగిపోతుంది. విరిగిందో లేదో చూసే పద్ధతీ మాదే. మేమంతా తాతా అని పిలిచే పెద్ద మేస్త్రి తెల్లగుడ్డ ముంచి తీస్తాడు. మరక అంటకపోతే కరెంటు ఆపి, చక్రం తిప్పి కాలవలోకి వదిలేస్తాం. రంగులవాళ్ళం కదా, కంటినీ గుడ్డనీ తప్ప దేన్నీ నమ్మం. మేనేజరు ఈ పద్ధతికి ఎగిరి గంతేసినప్పుడే మాకు అనుమానం రావలసింది. కరెంటు ఆదా అయ్యేది వాడికి!

ఆ సాయంత్రం గేటు బయట సైకిళ్ళ షెడ్డులో మీటింగు పెట్టి, నిలదీద్దామని ల్యాబమ్మను పిలిచాం. తాత మండిపడ్డాడు.

"ఈ చేతులు రంగుల్లోనే పండాయి. నా గుడ్డ అబద్ధమాడుతుందా అమ్మా?"

"గుడ్డకు రంగే తెలుసు తాతా. ముందు విరిగేది రంగే. విరిగిన ముక్కలు కనపడకుండా నీళ్ళలోనే ఉంటాయి. కొన్ని అసలు రంగుకన్నా చెడ్డవి. అవీ పోయేదాకా కరెంటు నడవాలి, మధ్యమధ్య నీళ్ళు తీసి చూస్తుండాలి. చూశాను. ఉన్నాయన్నాను. గెంటేశారు."

"మిల్లు మూసేస్తే మన నోట్లో మట్టే," అని గొణిగాడు ఫిట్టరు.

అప్పుడు తాత కూతురు లేచింది. కాలవ నీళ్ళూరే గట్టుమీది బావి ఒక్కటే ఆమె వీధంతటికీ తాగునీటికి దిక్కు. మొన్నటి బిడ్డ కడుపులోనే పోయింది. ఇప్పుడు మళ్ళీ నెలలు నిండుతున్నాయి.

"నాన్నా, నీళ్ళు బాగుపడ్డాయి, తాగండని అందరికీ చెప్పింది నువ్వే కదా?"

తెల్లనివన్నీ పాలనుకుని మా వేలితో మా కన్నే పొడుచుకున్నాం. మేనేజరు మా గుడ్డనే చూపించి మా పిల్లలకు విషం తాగించాడు. ఆ మంట ఈ జన్మకు చల్లారదు.

"ఏడిస్తే ఏమొస్తుంది? రేపట్నించి నీళ్ళు వదలొద్దు," అంది క్యాంటీను అక్క. "తొట్టి నిండితే మిల్లు మురుగు ఎక్కడ పోసుకుంటాడు, నెత్తినా? వాడే దిగొస్తాడు."

మర్నాడు పొద్దున మేనేజరు తొట్టి దగ్గరికి వచ్చాడు. "నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఇంకా చూస్తావేం ముసలాడా, తిప్పు!"

తాత చక్రానికి అడ్డంగా కూర్చున్నాడు. "నాకు కనపడనిది ఆ అమ్మకు కనపడుతుంది. ఆమెను పిలువు."

మేనేజరు పిలిచింది పోలీసుల్ని. తాతను కాళ్ళూ చేతులూ పట్టి ఈడ్చుకుపోయారు. మెట్టుకు తల కొట్టుకుని రక్తం కారింది. అయినా వ్యానులో పడేశారు. ఆ చోట ఫిట్టరు కూర్చున్నాడు, నిన్న గొణిగినవాడే. అతన్నీ లాగేశారు. క్యాంటీను అక్క కూర్చుంది. ఈలోగా తొట్టి అంచుదాకా నిండింది. మురుగు పోయే దారి లేక లోపల మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పనివాళ్ళంతా బయటికొచ్చి చుట్టూ నిలబడ్డారు.

అక్కనూ లాగేశాక తాత కూతురు జనంలోంచి వచ్చింది. కడుపు పట్టుకుని మెల్లగా చక్రం ముందు కూర్చుంది.

"మా నాన్నను తీసుకుపోయారుగా. నన్నూ లాగండి. నా వెనక మా వీధి మొత్తం ఉంది."

ఎస్సై అడుగు వెనక్కి వేశాడు. తాత ఆ వ్యానులోనే ప్రాణం వదిలాడని అప్పటికి ఆమెకూ తెలియదు, మాకూ తెలియదు.

గేటు మేమే తోసి తెరిచాం. ల్యాబమ్మను లోపలికి తీసుకొచ్చాం. నీళ్ళు తీసి పరీక్ష చేసి ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఇంకా ఉంది. కరెంటు ఆపనివ్వకండి."

మేనేజరు స్విచ్చు వైపు పరుగెత్తాడు. అప్పటికే అక్కడ మేమున్నాం.