నర్మద చెంపకు తగిలిన గాలి

నేను ఒక ఎర్రటి రబ్బరు చేతొడుగును, కుడిచేతిదాన్ని. పింగాణీ చెయ్యి ఒకటి రబ్బరు పాలలో పదేపదే మునిగి లేస్తే పొరలు పొరలుగా పుట్టాను. పుట్టిన వారానికే నీళ్లలో ముంచి, కరెంటు పెట్టి పరీక్షించారు. అంత చిన్న వయసులో అంత పెద్ద పరీక్ష నెగ్గిన బిడ్డ మీ మనుషుల్లో ఉందా?

గోదావరి ఒడ్డున ఒక చిన్న పట్నంలో లైన్‌వుమన్ నర్మద చేతికి వచ్చాను. కరెంటు ఆపకుండా చేయాల్సిన పనులకు నేనే ఆమెకు అండ. రోజూ పనికి బయలుదేరే ముందు గుమ్మంలో నిలబడి, నాలో గాలి నింపి, అంచు బిగించి చుట్టి, ఉబ్బిన నన్ను చెంపకు ఆనించుకునేది. చెంపకు గాలి తగిలిందంటే ఎక్కడో చిల్లు పడినట్టు.

"మొగనికి గూడ పొద్దుగాల గింత ముద్దు లేదు," అనేది అత్త కొమురవ్వ.

"నీ కొడుకు కరెంటును ఆపుతడా అత్తమ్మా?" అనేది నర్మద.

ఒక ఆదివారం నర్మద ఇంట్లో లేనప్పుడు కొమురవ్వ నన్ను పనిసంచిలోంచి తీసింది. పెరట్లో నిమ్మచెట్టు నిండా కాయలు, కాయల చుట్టూ ముళ్లు. నన్ను తొడుక్కుని పచ్చడికని గంపెడు కాయలు తెంపింది. శుభ్రంగా కడిగి, తుడిచి, మళ్లీ సంచిలో పెట్టింది. చూపుడువేలి దగ్గర ఒక ముల్లు దిగిన సంగతి ఆమెకు తెలియదు. నాకు తెలుసు, కానీ నోరు లేదు.

మర్నాడు తెల్లవారకముందే ఫోను. ప్రసూతి ఆసుపత్రి ప్యానెల్‌లో వైరు వదులై వేడెక్కిందట. నెలలు నిండని పసివాళ్లు వెచ్చటి పెట్టెల్లో ఉన్నారు, కరెంటు ఆపడానికి లేదు. నర్మద ఉన్నపళంగా పరుగెత్తింది. గుమ్మంలో ఆగలేదు, గాలీ నింపలేదు.

ప్యానెల్ ముందు రబ్బరు చాప మీద నిలబడి నాలోకి నాలుగు వేళ్లు దూర్చింది. నాలో గాలి లేకపోయినా ఊపిరి ఆగినంత పనైంది. అంతలో గాలి నింపి చూడలేదని గుర్తొచ్చి, ఆమె చటుక్కున చెయ్యి బయటికి లాగి, నన్ను ఉబ్బించి చెంపకు పెట్టుకుంది.

"గాలి తగుల్తుంది సార్."

"ఏడ? నాకేం కనిపిస్తలేదు. రెండు నిమిషాల పని, కానియ్యమ్మా," అన్నాడు లైన్ ఇన్‌స్పెక్టర్ గంగారాం.

"కరెంటుకు కనిపిస్తది సార్. ఇంకో జత వచ్చేదాక ముట్ట."

గొణుక్కుంటూనే ఆయన బండి తీశాడు. ఇరవై నిమిషాలు నర్మద ఆ వైరు మీదినుంచి చూపు తిప్పలేదు. కొత్త జత వచ్చాక, దాన్ని ఉబ్బించి పరీక్షిస్తుంటే గంగారాం కూడా తన చెంప ముందుకు చాపాడు. వైరు బిగిసింది. లోపల ఒక పసివాడు కేరుమన్నాడు, వాడికి ఆకలి తప్ప ఇంకే కష్టమూ లేదు.

సాయంత్రం నర్మద నన్ను ఉబ్బించి అత్త చెంపకు ఆనించింది. సన్నటి గాలి తగలగానే కొమురవ్వ నన్ను లాక్కుని చూపుడువేలు తడిమింది.

"నిమ్మకాయలు తెంపిన బిడ్డా! నా చేతులతోని నిన్ను సంపుదును గదనే!"

"సంపలే గద! తొక్కు కుదిరిందా లేదా, అది చెప్పు," అని నవ్వింది నర్మద.

ఎవరూ పొరపాటున మళ్లీ కరెంటు పనికి తీయకుండా నా చూపుడువేలి కొన కత్తిరించేసింది. ఇప్పుడు నిమ్మచెట్టు పక్కన మేకుకు వేలాడుతున్నాను. కాయలు తెంపేటప్పుడు ఆ తెగిన కొనలోంచి కొమురవ్వ వేలు బయటికి తొంగిచూస్తుంది. ముల్లు గుచ్చుకుంటే తిట్లు నాకే.

పొద్దున్నే నర్మద కొత్త జతను ఉబ్బిస్తుంటే, పొయ్యి మీద చాయ్ పొంగుతున్నా సరే, కొమురవ్వ వచ్చి చెంప చాపుతుంది. ఒకటి చూసి, రెండోది చూసి, "ఇగ పో బిడ్డా," అంటేనే నర్మద గుమ్మం దాటుతుంది.