గోల్ పడితే ఆగే మగ్గం

టక్… టక్…

నూలు మోసుకుంటూ నాడె కుడి నుంచి ఎడమకి. ఎడమ నుంచి కుడికి. గంజి వాసన. కిటికీలోంచి నాలుగు ఊచల ఎండ.

సింధూరి చిన్నతనమంతా ఆ చప్పుడులోనే ఉంది.

చల్లపల్లి దగ్గర నేత ఊరు వాళ్ళది. నాన్న సత్యం మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసేవాడు. తల ఎత్తేవాడు కాదు. ఎత్తితే కిటికీ ఉంది, కిటికీ అవతల కుర్రాళ్ళ ఫుట్‌బాల్ ఉంది. కానీ పోగు మీంచి చూపు తీస్తే చీర ఊరుకోదు.

"ఎవరి దగ్గరుందే బంతి?" అనేవాడు, తల వంచుకునే.

పిల్ల ఊచలు పట్టుకుని చెప్పేది.

"జక్కయ్య దగ్గరుంది నాన్నా… ఎడంపక్కకి తన్నాడు… అయ్యో, గేదె అడ్డొచ్చింది నాన్నా!"

నాడె ఎంత వేగమో, మాట అంత వేగం.

గోల్ పడితే మాత్రం — మగ్గం ఆగేది.

ఒక్క క్షణం.

వీధి వీధంతా అరుస్తున్నా, ఊపిరి బిగబట్టుకుని ఆ పిల్ల వినేది ఆ నిశ్శబ్దాన్నే.

నడిమధ్యలో మగ్గం ఆపితే బట్టలో సన్నటి గీత పడుతుంది. అది నాన్నకి తెలుసు. అయినా ఆపేవాడు. "మీ తండ్రీకూతుళ్ళ ఆటకి నా చీర బలి" అని అమ్మ రావమ్మ సణిగేది.

"పెద్దయ్యాక రేడియోలో చెప్తా నాన్నా."

"చెబుదువుగానిలే. ముందు బంతి ఎక్కడుందో చెప్పు."

పెద్దయింది. డిగ్రీ అయింది. మొన్న మాఘంలో పెళ్ళి కూడా అయింది — బెజవాడ వన్ టౌన్‌లో చీరల కొట్టున్న పవన్‌కుమార్‌తో. అతనికి ఫుట్‌బాల్ గురించి ఏమీ తెలియదు. రెండు స్టూళ్ళు, ఒక చీరల మూట అడ్డం పెట్టి ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో చెప్పింది. అర్థమైందన్నాడు. కాలేదు. ఆ అబద్ధం కూడా ఆమెకి ముద్దొచ్చింది.

గవర్నర్‌పేటలో మేడమీద ఒక చిన్న రేడియో స్టేషన్. దాన్ని నడిపే హర్షవర్ధన్ గారు ఒక్క మ్యాచ్ ఇచ్చారు.

"బావుంటే సీజనంతా నీదేనమ్మా. లేకపోతే పాటలేసుకుంటాం."

ఆదివారం. చల్లపల్లి జట్టు, బెజవాడ జట్టు. షామియానా కింద మైకు.

"ఫోన్లో రేడియో పెట్టుకుని వింటావా నాన్నా?" అని అడిగింది.

"చూద్దామ్మా. మగ్గం మీద అర్జెంటు చీరుంది."

ముందు గాజులు అడ్డొచ్చాయి. పెళ్ళిగాజులు. చెయ్యి కదిపితే చాలు, గలగల. తీసెయ్యమన్నారు హర్షవర్ధన్ గారు. ఆమెకి ప్రాణం ఒప్పలేదు. పవన్‌కుమార్ జేబురుమాలు తీసి, గాజుల చుట్టూ బిగించి కట్టాడు — కొట్టులో మూట కట్టినట్టు, రెండు ముళ్ళు.

"ఇంక కొట్టెయ్ గోలు!"

"కొట్టేది నేను కాదండీ. చెప్తానంతే."

"అదేలే. చెప్పెయ్."

ఈల మోగింది.

"ప్రియమైన శ్రోతలారా…"

గొంతు తనది కాదు. మాటలు పుస్తకంలోవి. బంతి ముందు పరుగెడుతోంది, మాట వెనక కుంటుతోంది. హర్షవర్ధన్ గారి చెయ్యి మెల్లగా పాటల మీట వైపు జరిగింది…

ఆ పక్కన పవన్‌కుమార్, కంగారులో, వేలితో కుర్చీ చేతిని కొడుతున్నాడు. తనకే తెలియకుండా.

టక్… టక్…

"బంతి నతానియేలు దగ్గరుంది నాన్నా!"

అనేసింది. రేడియోలో. జనమంతా వింటుండగా.

బంతి ఆగదు కదా — ఆమె కూడా ఆగలేదు. "చల్లపల్లి కుర్రాడే నాన్నా… ఎడంపక్కకి లాగాడు… ఇద్దరు మీదికొచ్చారు… తప్పించాడు… గోల్! గోల్ నాన్నా!"

ఆపైన…

ఏమీ లేదు.

ఊపిరి బిగబట్టుకుంది. పాత అలవాటు. గోల్ తరవాత మాట్లాడటం ఆమె నేర్చుకోనే లేదు — వినటమే నేర్చుకుంది. రేడియో మూగబోయింది. మైదానం హోరెత్తింది. హర్షవర్ధన్ గారు రెండు చేతులూ ఊపుతున్నారు — మాట్లాడమ్మా, మాట్లాడు!

మళ్ళీ మొదలుపెట్టింది. ఆట అయ్యేదాకా ఆపలేదు.

అయ్యాక ఆయన నవ్వలేదు. కోప్పడనూ లేదు.

"రేడియోలో అంతసేపు నోరు మూసుకుంటారటమ్మా? ఆ నాన్న ఎవరు? … సరే, సోమవారం చెప్తాను."

అంతలో రావమ్మ ఫోన్.

"ఒసే, మీ నాన్న మగ్గం ఆపాడే! నువ్వు ఆగావా, తనూ ఆగాడు. గీత పడింది. షావుకారు తీసుకోడిప్పుడు."

పవన్‌కుమార్ ఫోన్ లాక్కున్నాడు. "అత్తయ్యగారూ, ఆ చీర మా కొట్టుకి పంపండి."

"గీతున్న చీర ఎవరు కొంటారు బాబూ?"

"అమ్మడానికి కాదండీ. మీ అమ్మాయి కట్టుకుంటుంది."

సాయంత్రం. స్కూటర్ బ్యారేజీ మీదికి తిరిగింది. ఇంటికి దారి అటు కాదు. అయినా తిప్పాడు. కృష్ణ మీంచి తడిగాలి.

"గాజుల మీది ముడి విప్పనా?"

"ఉండనివ్వండి."

సోమవారం ఏమంటారో…

బ్యారేజీ అతుకుల మీద చక్రాలు — టక్… టక్…

అతని వీపుకి చెంప ఆనించి, ఊపిరి బిగబట్టుకుని, వింటోంది సింధూరి.

ఆ చప్పుడు ఎక్కడ ఆగుతుందా అని.