మర్యాదస్తుడి పక్క కుర్చీ

అమెరికాలోని రీనో ఊళ్ళో మా పేకాట గది రైలు పట్టాలకు దగ్గరగా ఉండేది. గూడ్సు బండి పోయినప్పుడల్లా బల్ల మీద డబ్బుకు బదులు పెట్టే పందెం బిళ్ళలు సన్నగా గలగలమనేవి. నేను అక్కడ ముక్కలు పంచేదాన్ని. బుధవారం మధ్యాహ్నం ఒకటే బల్ల నడిచేది, ఎప్పుడూ దాదాపు అవే ముఖాలు.

ఆ ముఖాల్లో అందరికీ నచ్చినవాడు డాక్టర్ లైల్ పెంబర్. పళ్ళ డాక్టరుగా చేసి మానేశాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి గొంతు. ఓడిపోయినా "బాగా పంచావమ్మా నోలా" అనేవాడు. సిగరెట్టు పొగ పక్కవాళ్ళ మీదికి పోకుండా ముఖం తిప్పుకుని వదిలేవాడు. ఆయన వస్తే వెంట నలుగురైదుగురు స్నేహితులూ వచ్చేవారు. నిజానికి ఆ బల్ల నిండేదే ఆయన వల్ల.

ఆ చలికాలం ఆయన పక్క కుర్చీలో రూఫస్ కెడ్డీ కూర్చోవడం మొదలుపెట్టాడు. రోడ్ల పనిలో పొక్లెయిన్ నడిపేవాడు. మంచు పడితే పని ఉండదు కనుక మా దగ్గరికి వచ్చేవాడు. దుక్కలాంటి మనిషి, ముక్కు మీద కోపం, దానికితోడు నత్తి. "పెంచుతున్నా" అని పందెం పెంచే మాట అతని గొంతుకు ఎప్పుడూ అడ్డం పడేది. అందుకని నోరు మెదపకుండా పెట్టే బిళ్ళలన్నీ ఒక్క ఊపున ముందుకు తోసేవాడు. అలా తోస్తే చాలు, నోటితో చెప్పాలని మా నిబంధనల్లో లేదు.

ఒక బుధవారం అతను అలాగే తోశాడు. డాక్టరు కళ్ళద్దాలు సవరించుకున్నాడు.

"ఎంత పెంచాడో చెబితే బాగుంటుంది కదా. ముసలి కళ్ళు, నాకు ఆనడం లేదు."

నేను లెక్కపెట్టి చెప్పాను.

"నువ్వు కాదమ్మా. పెట్టినాయన చెబితే మర్యాద."

రూఫస్ ముఖం ఎర్రబడింది. "పె... పెం..."

"కంగారు లేదు నాయనా, నిదానంగా కానీ. మేమెక్కడికీ పోం."

స్నేహితులు నవ్వును దగ్గుగా మార్చేశారు. మరో రెండు ఆటలయ్యాక డాక్టరు రూఫస్ వైపు వంగి, అతనికీ నాకూ మాత్రమే వినబడేలా అన్నాడు: "ఇంట్లో ఉప్పు అందించమని అడిగేసరికి కూర చల్లారిపోతుందేమో, పాపం."

"డాక్టర్ గారూ, ఆ మాటలొద్దు. ఆట చూసుకోండి" అన్నాను.

"అయ్యో, జాలిపడి అన్నానమ్మా!"

ఆ తర్వాతి ఆటలో చివరికి వాళ్ళిద్దరే మిగిలారు. రూఫస్ తన ముక్కలు తెరిచాడు, రెండు జతలు. డాక్టరు పెద్దగా నిట్టూర్చి తల అడ్డంగా ఊపాడు. తనే గెలిచాననుకుని రూఫస్ నవ్వుతూ బిళ్ళల కుప్ప మీదికి చేతులు చాపాడు. ఆ చేతుల్ని కుప్ప మీదికి రానిచ్చి, అప్పుడు డాక్టరు ఒక ఆఠీన్ ముక్క తిప్పాడు. కాసేపాగి రెండోది. అదీ ఆఠీనే. అందరికీ కలిపి బల్ల మీద పరిచిన ముక్కల్లో అప్పటికే మూడు ఆఠీన్లు ఉన్నాయి. ఐదూ ఒకే రకమైతే రెండు జతల మీద గెలుపే. పందెం ఆయనది.

గెలిచే ముక్కలు చేతిలో పెట్టుకుని అవతలివాడిని అలా ఆశపెట్టడం ఏ నిబంధనా ఆపలేదు. కానీ పేకాడేవాళ్ళు దాన్ని ముఖాన ఉమ్మేయడంతో సమానంగా చూస్తారు.

"గెలిచానని నోటితో అనలేదు, నయం. సగంలో ఇరుక్కుపోయేవాడివి" అన్నాడు డాక్టరు.

రూఫస్ తన ముక్కలు లాక్కుని విసిరికొట్టాడు. ఒకదాని అంచు నా కంటి కింద గీసుకుపోయింది. కుర్చీ వెనక్కి పడింది. అతని నోటి వెంట బూతులు వరదలా వచ్చాయి, ఒక్కచోట కూడా తడబడకుండా.

గదిలో ఆటలన్నీ చూసుకునే ఫ్లోర్ సూపర్‌వైజర్ హెస్టర్ వచ్చింది. అరవై ఏళ్ళ పొట్టి మనిషి. గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు.

"ఎక్కడి ముక్కలు అక్కడే ఉంచండి" అంది. నా చెంప చూసింది. "రూఫస్, ఇవాళ్టికి నీ ఆట అయిపోయింది. పంచే మనిషి మీద ముక్కలు విసిరినవాడికి ఇక్కడ కుర్చీ లేదు. కోటు తీసుకో."

"వా... వాడు..."

"ఆయన సంగతి నేను చూస్తాను. నువ్వు చేసిందాని సంగతి ఇది."

అతను వెళ్ళిపోయాడు. బల్ల చుట్టూ చప్పట్లు కొట్టారు. డాక్టరు తన చేతిరుమాలు తీసి నాకిచ్చాడు. ఆ గదిలో ఎవరిని అడిగినా, పశువులాంటివాడు బయటికి పోయాడు, పెద్దమనిషి మిగిలాడు అనే చెప్పేవారు.

హెస్టర్ మాత్రం కదల్లేదు.

"నోలా, అంతకుముందు ఏం జరిగింది?"

నా సంపాదనలో సగం ఆ బల్ల మీదివాళ్ళు మెచ్చి ఇచ్చేదే. అయినా చెప్పాను, ఉప్పు మాటతో సహా. చెబుతున్నంతసేపూ డాక్టరు నన్ను కాకుండా తన బిళ్ళలనే చూస్తూ కూర్చున్నాడు.

"డాక్టర్ గారూ, మీరు కూడా లేవండి" అంది హెస్టర్.

"నేనా? ఒక్క బూతు మాట అన్నానా? గొంతైనా పెంచానా?"

"లేదండీ. అందుకే ఇంతసేపూ మిమ్మల్నెవరూ ఆపలేదు."

"ముప్పై ఏళ్ళుగా ఆడుతున్నాను. నాకు మర్యాద నేర్పుతావా?"

"నేర్పడం లేదు. కోటు తెచ్చుకోమంటున్నాను."

ఆయన లేచాడు. స్నేహితులూ లేచారు. నిమిషంలో బల్ల ఖాళీ అయింది.

చేయడానికి పనిలేక బయటికి వచ్చాను. పార్కింగ్ స్థలంలో రూఫస్ తన ట్రక్కులో కూర్చుని ఉన్నాడు, ఇంజను ఆపేసి. నన్ను చూసి అద్దం దించాడు.

"క... కన్ను?"

"బాగానే ఉంది. ఇంకొంచెం పైకి తగిలితే ఉండేది కాదు."

"నీ... నీ మీద కాదు."

"తగిలింది నాకే కదయ్యా!"

నా చెంప కేసి చూశాడు. "అవును" అన్నాడు. సాకులేవీ చెప్పలేదు. నాకు అదే మంచిదనిపించింది. కోపం వచ్చినందుకు అతన్ని తప్పుపట్టలేకపోయాను. అలాగని నా చెంప మంట తగ్గనూ లేదు. రెండూ ఒకేసారి నిజమే.

మర్నాడు మేనేజరు హెస్టర్‌ని పిలిపించాడు. తలుపు తెరిచే ఉంది కనుక మాకూ వినబడింది.

"ఒక్క తాగుబోతు గొడవకి బుధవారం బల్లంతా పోగొట్టావు!"

"అతను తాగలేదు. ఒకరు రెచ్చగొట్టారు, ఒకరు ముక్కలు విసిరారు. ఇద్దరినీ పంపాను."

"నత్తిని వెక్కిరించకూడదని గోడ మీద రాసి ఉందా?"

"లేదు. అన్నీ రాసిపెట్టగలిగితే నన్నెందుకు పెట్టుకున్నారు?"

ఆమె ఉద్యోగం పోలేదు. డాక్టరు బృందం మాత్రం అవతలి వీధిలోని గదికి మారిపోయింది. అక్కడ కూడా ఆయనంటే అందరికీ గౌరవమేనట. మాకు ఆ చలికాలమంతా బుధవారం ఆటే లేదు. నాకు చేతికొచ్చేది బాగా తగ్గింది. మంచు కరిగాక కొత్తవాళ్ళు కొందరు చేరారు, రూఫస్ కూడా వచ్చాడు. అతనేం మారిపోలేదు. ఓడితే బల్ల గుద్దేవాడు, గొణిగేవాడు. ఆ వేసవిలో హెస్టర్ అతన్ని మళ్ళీ రెండుసార్లు ఇంటికి పంపింది. రెండుసార్లూ ముందు బల్ల మీదివాళ్ళందరినీ, ఏం జరిగిందో చెప్పమని అడిగాకే.