గోడలో పసుపు వైరు

రాహేలు ఎవరికీ భయపడే మనిషి కాదు. నల్లా దగ్గర పేచీ వస్తే గల్లీ మొత్తానికి ఒక్కతే జవాబు చెప్పగలదు. చర్చిలో రాగం తప్పితే పాస్టరుగారినైనా సరే ఆపి, పాట మళ్లీ మొదటినుంచి ఎత్తుకోమంటుంది. అలాంటి మనిషి ఆ రోజు పొద్దున సొంత ఇంట్లో దొంగలా మసిలింది. మొగుడు ఎక్కిన ఆటో మలుపు తిరిగేదాకా గేటు చాటున నిలబడి చూసి, అప్పుడు ఉపేందర్‌కు ఫోను చేసింది.

"ఆయన పోయిండు. జల్ది రా తమ్మీ. మిషిన్ సప్పుడు ముందుగాల అయిపోవాలె."

ఉపేందర్ ఇళ్లకు ఫైబర్ నెట్ బిగించే మనిషి. ఇద్దరు పిల్లల తండ్రి. గోదావరిఖనిలో సగం ఇళ్ల గోడలు అతనికి సొంత గోడల్లాగే తెలుసు. భుజాన వైరు చుట్ట, చేతిలో డ్రిల్లింగ్ మిషన్‌తో దిగుతూనే, "నెట్టే గదక్కా పెట్టించుకునేది, గుడుంబ గాదు గదా, ఇంత సాటుమాటెందుకు?" అని నవ్వాడు. రాహేలుకు నవ్వు రాలేదు.

ఎలా వస్తుంది! ఆమె భర్త శాంతిరాజ్ బొగ్గుబాయిలో షాట్‌ఫైరర్‌గా చేసి రిటైరైనవాడు. బొగ్గు గోడకు బొక్కలు వేయించి, వాటిలో మందు కూరి, డిటోనేటర్ వైర్లు బయటికి తీసి, బొక్కను మట్టితో గట్టిగా పూడ్చి, మనుషులందరినీ దూరం పంపి పేల్చే పని. అన్నేళ్లు మందుతో కాపురం చేసినా ఒంటిమీద చిన్న గాటు లేదని బాయిలో పేరు. కొత్తగా దిగిన కుర్రాళ్లు వణికితే, శాంతిరాజన్న పక్కన నిలబెట్టండి, వణుకు పోతుంది అనేవారట.

కానీ ఒక షిఫ్టులో ఒక షాటు పేలకుండా మిగిలిపోయింది. దాన్ని మిస్‌ఫైర్ అంటారు. అప్పుడు ఎవరూ దగ్గరికి పోకూడదు, వైరు ముట్టకూడదు. చాలాసేపు ఆగాలి. ఆగిన తర్వాత షాట్‌ఫైరర్ ఒక్కడే పోవాలి. ఆగమని ఈయన అరుస్తూనే ఉన్నాడు, సదయ్య అనే కార్మికుడు మరిచిపోయిన చెమ్మసు పార కోసం ముందుకు నడిచాడు. అప్పుడే అది పేలింది. శాంతిరాజ్ తప్పేమీ లేదని విచారణలో తేలింది. ఆయన లోపల మాత్రం ఏదీ తేలలేదు. డ్యూటీ ఉన్నన్నాళ్లు దాన్ని బాయిలోనే వదిలి వచ్చేవాడు. రిటైరయ్యాక అది ఇంటికి వచ్చి కూర్చుంది.

నిరుడు పక్క గల్లీలో బరాత్‌కు పటాకులు పేల్చారు. శాంతిరాజ్ ఒక్క ఉరుకున వచ్చి భార్యను నేలమీద పడేసి, మీద అడ్డంగా పడుకున్నాడు. ఆ తర్వాత రెండు రోజులు ఆమెను గుర్తుపట్టలేదు. అన్నం పెడితే "థాంక్స్ సిస్టర్" అన్నాడు. మంచిర్యాలలో డాక్టరు రాహేలును పక్కకు పిలిచి చెప్పాడు, మతిమరుపు జబ్బు మొదలైంది, ఇలాంటి అదురు ఇంకొకటి తగిలితే ఆయన మళ్లీ మీకు దక్కకపోవచ్చు అని. ఆ మాట ఆమె కూతురు శాలినికి తప్ప ఎవరికీ చెప్పలేదు. మొగుడితో మాత్రం బీపీ అని చెప్పింది.

అప్పటినుంచి ఆ ఇంట్లో ప్రెషర్ కుక్కర్ అటకెక్కింది. తలుపులు మెల్లగా మూసుకున్నాయి. రాహేలు తుమ్ము వస్తే కూడా ముక్కు పట్టుకుంది. హైదరాబాదులో కొలువు చేసే శాలిని, అమ్మకు తోడుగా ఉందామని ఇంటినుంచే పని చేస్తానని వచ్చింది. ఫోను సిగ్నలు చూస్తే ఉన్నట్టుండి చచ్చిపోతోంది. మంచి నెట్ పెట్టించుకో, లేదా ఆఫీసుకు వచ్చెయ్యి అని పైవాళ్లు తేల్చి చెప్పారు. శాలిని పోతే ఆ మనిషితో తను ఒక్కతే. అందుకే నస్పూర్‌లో తన తమ్ముడు టిమోతి ఇంట్లో ప్రార్థన కూడిక అని తెలియగానే మొగుడిని బలవంతాన పంపించి, ఈ పని పెట్టుకుంది.

"వైరు ఏడ గూడ ఏలాడద్దు తమ్మీ. బొక్క కనవడద్దు. ఇంట్ల ఏం జరగనట్టే ఉండాలె."

"నా పని సూడుండ్రి అక్కా, మీరే మెచ్చుకుంటరు."

శాలిని గది పక్కింటి గోడకు ఆనుకుని ఉంది. బయటినుంచి వైరు నేరుగా లోపలికి పోయే దారి లేదు. కాబట్టి కిటికీ సందులోంచి ముందుగదిలోకి తెచ్చి, మంచం వెనక గోడ అంచున నడిపి, శాలిని తలుపు పక్కన గోడకు బొక్క వేసి గదిలోకి పంపాలి. మిషన్ గుర్రుమని గోడలోకి దిగుతున్నంతసేపూ రాహేలు గేటు వైపే చూస్తూ నిలబడింది. ఇంటి లోపలికి వాడే సన్న వైరు పసుపుపచ్చది. తెల్లది లేదా అంటే, ఇంకో వారం ఆగాలన్నాడు. ఆగే ఓపిక ఆమెకు లేదు.

ఉపేందర్ మాట నిలబెట్టుకున్నాడు. క్లిప్పులు కొలిచినట్టు కొట్టాడు. చివరికి తెల్ల సిమెంటు తడిపి ఉండలు చేసి, ఒక్కొక్కటి బొక్కలోకి పుల్లతో దట్టించి, పైన వేలితో నున్నగా అదిమాడు. ఇప్పుడు గోడలో గుండ్రటి మచ్చ, మచ్చ నడుమ నుంచి సన్న పసుపు వైరు, అంతే.

"సీమ గూడ దూరది అక్కా."

"బాగ చేసినవ్ తమ్మీ," అంది రాహేలు మనసారా.

పాపం, ఆమెకేం తెలుసు. నలభై ఏళ్లు షాట్‌ఫైరర్ బట్టల మసి ఉతికింది గానీ, మందు పెట్టి పూడ్చిన బొక్క ఎలా ఉంటుందో కంటితో చూసింది లేదు. ఆమె కాలంలో ఆడవాళ్లను బాయిలోకి ఎవరు దింపారు? చూసి ఉంటే వైర్లను దండెం మీద బట్టల్లా వేలాడనిచ్చేది. ఆ నున్నటి మచ్చను మాత్రం చచ్చినా ఒప్పుకునేది కాదు.

మధ్యాహ్నం శాలిని చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, గది లోపల గడియ పెట్టుకుని పనిలో కూర్చుంది. రాహేలు సిమెంటు పొడి ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి, చాలా నెలల తర్వాత ఒక ముద్ద ఎక్కువ తిన్నది. కంచం కడుగుతుంటే గేటు చప్పుడైంది.

సాయంత్రం రావలసిన మనిషి అప్పుడే వచ్చేశాడు.

"కూడిక జల్దీ అయిపోయిందే. టిమోతి బండి మీద దించిపోయిండు. మస్తు పెట్టిండ్రు తిండి," అంటూ శాంతిరాజ్ హుషారుగా మంచం మీద కూర్చుని, చెప్పులు విప్పడానికి వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

రాహేలు వంటింటి గడపలో ఆగిపోయింది. ఆయన చూపు ఎక్కడుందో ఆమెకు కనిపిస్తూనే ఉంది.

"రాహేలూ," అన్నాడాయన. గొంతు మెల్లగా, చాలా మర్యాదగా ఉంది. "ఉరకకు. మెల్లగ నా ఎనుకకు రా. ఆ గోడ దిక్కు పోకు."

"ఏమైందయ్యా?"

"మందు చార్జి చేసి ఉన్నది. మంచి చెయ్యే పూడ్చింది. పేలలే." ఆయన లేచి రెండు చేతులూ చాపి ఆమెకు అడ్డం నిలబడ్డాడు. "లోపట ఎవరున్నరు?"

లోపల శాలిని ఎవరితోనో మాట్లాడుతూ పకపకా నవ్వింది.

"అది ఏం లేదయ్యా, కరెంటు వైరు," అంది రాహేలు.

"కరెంటు వైరేదో నాకు తెల్వదా?"

"పాతదే. ఎప్పటిసంది ఉన్నదే."

ఆ రెండో అబద్ధంతో పని ఇంకా చెడింది. ఎప్పటినుంచో ఉంటే పేలకుండా పడి ఉన్నట్టేగా! ఆయన తలుపు వైపు తిరిగి, "శాలినీ!" అని అరిచాడు. హెడ్‌ఫోన్లలో ఆ పిల్లకు వినిపిస్తేగా. రాహేలు తలుపు కొడదామని ఒక్క అడుగు వేసింది. తలుపు దగ్గరికి పోవాలంటే ఆ మచ్చ పక్కనుంచే పోవాలి. ఆయన ఆమె మణికట్టు పట్టి వెనక్కి గుంజాడు. అంత బలం ఆ చేతుల్లో ఇంకా ఉందని ఆమెకు తెలియదు.

"ముట్టద్దు! ఎవ్వలు పోవద్దు! నేను పోత. నేనొక్కన్నే పోవాలె." కానీ పోలేకపోతున్నాడు. ఆగాలి అన్నది నియమం. లోపల బిడ్డ ఉంది. ఆయన కాళ్లు ముందుకు, ఒళ్లు వెనక్కి లాగుతుంటే నిలువునా వణికాడు.

అప్పుడే ఊరి పక్క ఓపెన్‌కాస్ట్ గని సైరన్ మోగింది.

రోజూ మోగేదే. సైరన్ తర్వాత కొద్ది నిమిషాలకు గనిలో బ్లాస్టింగ్, దాంతో ఇల్లు ఒక్కసారి ఊగడం, అది ఊళ్లో అందరికీ అలవాటే. మామూలు రోజుల్లో ఆ వేళకు రాహేలు పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంటుంది. ఇవాళ ఆయన ఆ కూతను ఈ గోడకే ముడిపెట్టుకున్నాడు. కళ్లు ఎటో పోయాయి.

"సదయ్యా, ఆగు! ఆగు సదయ్యా!" అని మూసిన తలుపు వైపు అరిచాడు. తర్వాత చేతిలో ఉన్న మణికట్టు ఎవరిదా అన్నట్టు రాహేలు ముఖంలోకి చూశాడు. "ఎవరమ్మా నువ్వు? బాయిలకు ఎట్ల దిగినవ్?"

అయిపోయింది అనుకుంది రాహేలు. ఇంకాసేపట్లో ఇల్లు ఊగుతుంది. ఊగిందంటే ఈ మనిషి సదయ్య ఉన్న చోటే ఉండిపోతాడు. ఏం చెప్పి వెనక్కి లాగాలి? ఎర్త్ వైరు అనాలా, రేడియో వైరు అనాలా? నోటి దాకా వచ్చిన ప్రతి మాటా అబద్ధమే. ఒక్కటి కూడా పనికొచ్చేట్టు లేదు. ఏడాదిగా అబద్ధం ఆడీ ఆడీ ఆమె దగ్గర ఇంకేం మిగిలింది?

"ఆ బొక్క నేనేపిచ్చిన," అంది.

"నువ్వా? షాట్‌ఫైరర్ సర్టిఫికెట్ ఉన్నదా నీకు?"

"లేదు. నీ భార్యను. రాహేలును. శాలిని కొలువుకు ఇంటర్నెట్ గావాలె. ఉపేందరని, ఆయనొచ్చి పొద్దుగాల పెట్టిండు. నిన్ను కావాల్నని నస్పూర్ పంపిన."

"మందు ఎంత పెట్టిండ్రు?"

"మందు లేదయ్యా. ఒట్టి సిమెంటు. నేనే మంచిగ పూడ్చుమన్న. నీకు కనవడద్దని."

ఆయన వేళ్లు ఆమె మణికట్టు మీద కొంచెం సడలాయి. "నాకెందుకు చెప్పలే?"

"భయమై," అంది ఆమె. ఇక దాచడానికి ఓపిక లేక మిగతాది కూడా అనేసింది. "నువ్వంటేనే భయమై. నిరుటి సంది నిన్ను సూత్తెనే భయమైతంది నాకు."

శాంతిరాజ్ ఏదో అనబోయాడు. అంతలో భూమి కదిలింది. కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి, వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి, గోడ పగుల్లోంచి సున్నం రాలింది. రాహేలు కళ్లు మూసుకుని, రెండు చేతులతో ఆయనను వాటేసుకుని, దేవుడి పేరు కూడా నోటికి రాక అలాగే బిగుసుకుపోయింది. ఆయన గుండె ఆమె చెంప కింద దడదడమంటోంది. నేల సర్దుకున్నాక కూడా కళ్లు తెరవడానికి ధైర్యం చాలలేదు. తెరిస్తే ఆయన తననేమని పిలుస్తాడో.

"ఓపెన్‌కాస్టుది," అన్నాడు శాంతిరాజ్ ఆమె తల పైనుంచి. కాసేపాగి, "వదులు రాహేలూ, ఊపిరాడ్తలేదు," అన్నాడు.

ఆమె నేలమీద కూలబడి బావురుమంది.

గడియ తీసుకుని శాలిని బయటికి వచ్చింది. "ఏమైంది బాపూ? అమ్మ ఎందుకేడుస్తంది?" ఆయన కూతురిని తల నుంచి పాదాల దాకా కళ్లతోనే తడుముకున్నాడు. "ఏం కాలే బిడ్డా. పో, నీ డ్యూటీ చేసుకో పో," అన్నాడు. తల్లి కూడా పొమ్మన్నట్టు చెయ్యి ఊపింది. ఆ పిల్ల ఈసారి తలుపు తెరిచే ఉంచింది.

శాంతిరాజ్ గోడ దగ్గరికి పోయి, మచ్చ మీద వేలు పెట్టి చూశాడు. వైరు ముట్టలేదు. వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"ఇంకేం దాచినవ్ నా దగ్గర?"

ఏం లేదు అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. రాహేలు దాన్ని మింగి, కొంగుతో ముఖం తుడుచుకుని, మంచిర్యాల డాక్టరు చెప్పింది చెప్పినట్టు చెప్పేసింది. ఆయన తల వంచుకుని, షిఫ్టు దిగేవాడు ఎక్కేవాడికి పని అప్పజెబుతుంటే విన్నట్టు మొత్తం విన్నాడు.

"అంటే ఒకనాడు నిన్ను సూసి, ఎవరమ్మా నువ్వు అని అడుగుత నేను."

"ఇందాకనే అడిగినవయ్యా."

"అడిగిననా?"

"అడిగినవ్."

ఆయన మోకాళ్ల మీద పెట్టుకున్న అరచేతుల వైపు చూసుకున్నాడు. లోపలి గదిలో శాలిని గొంతు తగ్గించి ఎవరికో ఏదో సర్దిచెబుతోంది.

"భయమైతంది రాహేలూ," అన్నాడు.

పెండ్లయిన ఇన్నేళ్లలో ఆ నోటినుంచి ఆ మాట ఆమె వినలేదు. లేచి వచ్చి మంచం మీద ఆయన పక్కన కూర్చుంది.

"నాకు గూడ," అంది.