కన్నం చుట్టూ కొమ్మలు

అత్తగారి కాలు జారిందా, కావాలనే కాలు వేసిందా? ఇరవై ఆరేళ్ళుగా సైమి ఈ ప్రశ్న ఎవరినీ అడగలేదు. శవపేటిక ముందు నిలబడి పాదిరిగారు "ప్రభువు పిలిచాడు" అన్నారు. పిలిచేవాడు డిసెంబరు చలిలో, సరస్సు మంచులో నీళ్ళకోసం కొట్టిన కన్నంలోంచి పిలుస్తాడా అనిపించింది సైమికి. అలా అనిపించినందుకు ఆ రాత్రే క్షమాపణ అడుక్కుంది. అత్తగారు హిల్యా నలభై ఏళ్ళు అదే దారిన నీళ్ళకి వెళ్ళిన మనిషి. కళ్ళు మూసుకునైనా వెళ్ళి రాగలదు. అలాంటిది పడిందంటే... అక్కడితో ఆలోచన ఆపేసి, ఆవిడమీద కోపగించుకోకు తండ్రీ అని మాత్రం రోజూ వేడుకునేది.

ఇప్పుడు ఆ దారి సైమిది. కాగితం మిల్లులో పదవీ విరమణ కాగానే భర్త తౌనో కువోపియో పట్నంలో ఫ్లాటు అమ్మేసి, అడవిలో తల్లి వదిలిపోయిన చెక్క ఇంటికి కాపురం మార్చాడు. ఒక గది, ఒక పొయ్యి. కుళాయి లేదు. "ప్రశాంతంగా బతుకుదాం" అన్నాడు. అతని ప్రశాంతతకి రోజుకి పది బకెట్లు కావాలని సైమికి మొదటి వారంలోనే తెలిసింది. గిన్నెలకి, బట్టలకి, అతని ఆవిరి స్నానానికి, అతని కాఫీకి. అత్తగారి కావడి గోడకి అలాగే వేలాడుతోంది. భుజాన పెట్టుకుంటే, అరిగిన చోటు తన ఎముకకి కొలిచి చేసినట్టు కుదిరింది. ఆ కుదరడం చూసే ఆమెకి భయం వేసింది. తౌనో కట్టెలు కొట్టి, వరసగా పేర్చి, దూరం నుంచి చూసుకుని మురిసిపోతాడు. కట్టెలు కంటికి కనిపిస్తాయి. మోసిన నీళ్ళు సాయంత్రానికి ఉండవు. భుజం నొప్పి అంటే, "మా అమ్మ నలభై ఏళ్ళు మోసింది. ఒక్కనాడు నోరెత్తలేదు" అంటాడు.

నోరెత్తింది. ఒకే ఒక్కసారి. పెద్దపిల్ల పుట్టిన ఏడు, సైమి నెల్లాళ్ళు ఇక్కడే మంచాన ఉంటే, పసిదాని గుడ్డలకి కూడా ఆవిడే మోసింది. "నీ రుణం ఎలా తీర్చుకోను అత్తయ్యా?" అంటే హిల్యా నడుం పట్టుకుని నవ్వింది. "తేలికేలే. నాకు నీళ్ళు మోయడం ఇష్టం లేదని ఎప్పుడైనా వాడితో చెప్పు. నేను చెప్తే వాడికి పొయ్యిలో చిటపటలాగే వినిపిస్తుంది." ఇద్దరూ నవ్వుకున్నారు. సైమి చెప్పలేదు. చెబుదాం, చెబుదాం అనుకుంటూనే ఉండిపోయింది.

ఒక రోజు మధ్యాహ్నం అవతలి ఒడ్డు నుంచి ఐలి కాళ్ళకి మంచుబద్దలు కట్టుకుని జారుకుంటూ వచ్చింది. అత్తగారి స్నేహితురాలు, ఎనభై దాటాయి.

"ఏమే, మోసి మోసి ఎద్దువైపోయావా?" అంటూ కూర్చుని, కప్పు అందుకుంటూ కిటికీలోంచి చూసింది. "ఆ కొత్త కన్నం ఎవరిది? నడిచే దారి మీద కొట్టారే! కొమ్మలేవి?"

కన్నం కొట్టినవాడే దాని చుట్టూ దేవదారు కొమ్మలు గుచ్చాలి. మంచు కురిసి కప్పేసినా అక్కడ నీళ్ళున్నాయని తెలియడానికి.

"పొద్దున ఆయన కొట్టారు. నాకు ఇరవై అడుగులు కలిసొస్తాయట. కొమ్మలు కాఫీ తాగొచ్చి పెడతానన్నారు."

ఐలి కప్పు కింద పెట్టేసింది.

"మీ అత్త పోయిన రోజూ తౌనో ఇదే మాట అన్నాడు. నేను ఈ బల్ల దగ్గరే ఉన్నాను. పండక్కి ముందు ఒక్కడే వచ్చి, అమ్మకి దగ్గరవుతుందని దారి మీదే కొత్తది కొట్టాడు. కాఫీ తాగాడు, నిద్రపోయాడు. మంచు కురిసి కప్పేసింది. సాయంత్రం మీ అత్త బకెట్లు తీసుకుని బయల్దేరింది. కేక విని అవతలి ఒడ్డు నుంచి మేం పరిగెత్తుకొచ్చేసరికి వాడు ఏడుస్తూ కొమ్మలు గుచ్చుతున్నాడు."

"అప్పుడా?"

"అప్పుడే. తర్వాత వచ్చినవాళ్ళంతా కొమ్మలు చూశారు. గుర్తులుండగా పడిందంటే కావాలనే దూకిందేమోనని ఊరు గుసగుసలాడింది. వాడు కాదనలేదు."

"నువ్వెందుకు చెప్పలేదు ఐలక్కా?"

"తల్లిని పోగొట్టుకున్నవాడు కదా అని నోరు రాలేదు. ఇవాళ ఆ కన్నం చూశాక నోరు ఆగలేదు."

బయట గాలి లేదు. మంచు చప్పుడు లేకుండా దిగుతోంది. సైమి చూస్తుండగానే కన్నం నల్లటి మచ్చ బూడిదరంగుకి, తర్వాత తెలుపుకి మారింది. దారి ఎంత అమాయకంగా ఉందో.

తౌనో బూట్లు దులుపుకుంటూ లోపలికొచ్చాడు. కాఫీ కెటిల్ ఎత్తి ఊపాడు. "ఖాళీయే! ఐలి వచ్చింది కదా, ఒక్క బకెట్ పట్టుకురా సైమీ."

సైమి గోడమీది కావడి తీసింది. తీసుకెళ్ళి అతని చేతుల్లో పెట్టింది.

"ముందు కొమ్మలు కొట్టుకుని వెళ్ళు. కన్నం కనిపించడం లేదు."

అతను నవ్వబోయాడు. ఐలిని చూసి, కిటికీ చూసి ఆగిపోయాడు.

"తౌనో, మీ అమ్మ నీతో ఒక మాట చెప్పమంది. చాలా ఆలస్యం చేశాను," అంది సైమి. "ఆవిడకి నీళ్ళు మోయడం ఇష్టం లేదు."